వర్షానికి టికెట్

శ్రోతలందరికీ నమస్కారం.

నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేస్తే మా ఇంట్లో అది బస్సు. ముందు కుర్చీలో స్టీలు పళ్ళెం ఉంటే అది స్టీరింగు. డ్రైవరూ కండక్టరూ ఇద్దరూ మా మనవరాలే. దానికి అయిదేళ్ళు. పాత క్యాలెండర్ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని, విజిల్ లేకుండానే విజిల్ వేస్తూ "రైట్ రైట్" అంటుంది. నేను ప్రయాణికురాలిని. ఎక్కడికి వెళ్ళాలో నన్ను అడగదు. "విజయనగరం వచ్చేసింది, దిగండి" అంటే దిగాలి. మళ్ళీ ఎక్కాలి.

పోయిన వానాకాలం సంగతి చెబుతాను. నేను పిల్లలకు కథలు రాస్తాను. ఎన్నో ఏళ్ళుగా అదే పని. అయితే ఆ రెండు నెలలూ ఏం రాసినా నా పాత కథే మళ్ళీ రాస్తున్నట్టు ఉండేది. ఒక పత్రికకు కథ ఇస్తానని మాటిచ్చాను. గడువు దగ్గర పడుతోంది, లోపల టెన్షన్. ఆ మధ్యాహ్నం బయట జల్లు పడుతోంది. బస్సయితే ఎక్కాను గానీ మనసు అక్కడ లేదు. ఉన్నట్టుండి పిల్ల బస్సు ఆపేసింది.

"ఆగండాగండి, ఇంకొకళ్ళు ఎక్కుతున్నారు" అంది.

"ఎవరమ్మా?" అన్నాను.

"వర్షం" అంది.

వర్షం ఎక్కింది. దానికి కిటికీ పక్క సీటు ఇచ్చింది. నన్ను జరిగి కూర్చోమంది. "కాళ్ళు తడుస్తాయి అమ్మమ్మా, చీర పైకి పట్టుకో" అంది. నేను పట్టుకున్నాను. తర్వాత ఒక కాగితం తీసి, సగానికి చింపి, ఒక ముక్క ఆ ఖాళీ కుర్చీలో పెట్టింది. ఎందుకు చింపిందో నేను పట్టించుకోలేదు. నా బుర్ర అప్పటికే కథ వైపు పరుగెడుతోంది. "ఎక్కడో చెరువు ఎండిపోయింది కదూ? వర్షం అక్కడికి వెళ్తోందా?" అని అడిగాను. ఎండిన చెరువు, దిగులు పడుతున్న రైతు, చివర్లో నీళ్ళు పొదుపుగా వాడుకోవాలనే మాట, ఇవన్నీ నా మనసులో వరసగా వచ్చి నిలబడ్డాయి. పిల్ల నా వంక చూసి, "కాదు. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళింటికి" అంది.

వర్షానికి నేను ఒక పని అప్పజెప్పబోయాను. పిల్ల దానికి ఒక అమ్మమ్మని ఇచ్చింది. వర్షానికి అమ్మమ్మ ఎవరై ఉంటుంది? సముద్రమా? మనవరాలు వస్తోందంటే ఏం వండి ఉంచుతుంది? ఎన్నాళ్ళు ఉండనిస్తుంది? తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి ఏడుస్తుందా? ఆ రాత్రి ఈ ప్రశ్నలు పట్టుకుని కూర్చుంటే నాలుగు పేజీలు ఆగకుండా వచ్చాయి. రెండు నెలల తర్వాత మొదటిసారి, తర్వాత ఏం జరుగుతుందో నాకే తెలుసుకోవాలనిపించింది.

ఇలాంటి ముచ్చట ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1881 వేసవి. స్కాట్లండ్ కొండల్లో బ్రేమార్ అనే చోట రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కుటుంబంతో ఉన్నారు. ఎడతెగని వాన. ఇంట్లో సెలవులకు వచ్చిన పిల్లవాడు లాయిడ్, స్టీవెన్సన్ భార్యకు మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు. బయటికి వెళ్ళే వీలు లేక రంగుల పెట్టె ముందేసుకుని బొమ్మలు వేస్తుంటే, స్టీవెన్సన్ కూడా పక్కన చేరారు. ఒక దీవి మ్యాపు తయారైంది. దానికి రేవులు, కొండలు, పేర్లు వచ్చాయి. ఆ మ్యాపును చూస్తుండగా అందులోని అడవుల మధ్య మనుషులు కనిపించడం మొదలుపెట్టారని ఆయనే తర్వాత రాసుకున్నారు. అలా పుట్టింది "ట్రెజర్ ఐలాండ్" నవల. రోజుకో అధ్యాయం రాసి ఇంట్లో చదివి వినిపించేవారు. స్టీవెన్సన్ తండ్రి లైట్‌హౌస్‌లు కట్టే ఇంజనీరు. ఆ పెద్దమనిషి కూడా ఆటలోకి దిగారు. కథలో చనిపోయిన నావికుడి పెట్టెలో ఏమేం వస్తువులు ఉండాలో, రోజులో చాలాభాగం కూర్చుని జాబితా రాసిచ్చారు. కొడుకు దాన్ని ఉన్నది ఉన్నట్టు కథలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. 1883లో పుస్తకం వేసే ముందు ప్రచురణకర్తలకు పంపిన మ్యాపు పోయింది. పుస్తకమంతా తిరగేసి, ఏ కొండ ఎక్కడుందని రాశారో వెతుక్కుంటూ స్టీవెన్సన్ రెండోసారి మ్యాపు గీయాల్సి వచ్చింది. చక్కగానే వచ్చింది. కానీ అది ఆయనకు ఎప్పటికీ ఆ దీవిలా అనిపించలేదట. మొదటిది వానలో పిల్లవాడితో ఆడుతూ గీసింది, రెండోది లెక్క చూసుకుని గీసింది.

పిల్లల ఆట అంటే ఇష్టమొచ్చినట్టు సాగేదని చాలామంది అనుకుంటారు. పక్కన కూర్చుని చూడండి. మా పిల్ల నాకు ఖాళీ గ్లాసులో టీ ఇస్తుంది. గబుక్కున తాగేస్తే ఒప్పుకోదు. "కాలుతుంది, ఊదుకుని తాగు" అంటుంది. గ్లాసు వంపితే "అయ్యో, ఒలికిపోయింది" అని గుడ్డ తెచ్చి నేల తుడుస్తుంది. ఒకసారి టీ ఉందని అనుకున్నాక ఇక అది వేడిగా ఉండాల్సిందే, ఒలకాల్సిందే. బస్సులోకి వర్షం ఎక్కిందంటే పక్కవాళ్ళ కాళ్ళు తడవాల్సిందే. కథ రాసే వాళ్ళకు ఇంతకంటే గట్టి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

మా చిన్నప్పుడు లక్కపిడతలు ఉండేవి. ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, తేలికైన అంకుడు కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కి, లక్కరంగులు పట్టిస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, వచ్చింది. పొయ్యి, గిన్నె, రోలు, తిరగలి, అన్నీ కలిపి ఒక చిన్న బుట్టలో పట్టేవి. ఇసుకే బియ్యం, చింతాకే కూర. గుజ్జనగూళ్ళు వండి, అరుగు మీద బంతి కూర్చోబెట్టి అందరికీ వడ్డించేవాళ్ళం. ఆ గిన్నెలు ఏ చప్పుడూ చేసేవి కావు. ఉడుకుతున్న చప్పుడు మేమే నోటితో చేసేవాళ్ళం. ఇప్పుడు మీట నొక్కితే బొమ్మే పాడుతుంది, బొమ్మే మాట్లాడుతుంది, పిల్లకు చేయడానికి ఏమీ మిగల్చదు. మా ఇంట్లో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో ఆడినన్ని రోజులు వాటితో ఆడలేదు.

రవీంద్రనాథ్ టాగూర్ 70 దాటిన వయసులో మనవరాలు నందినికి కథలు చెప్పేవారు. అవి 1937లో ఆయనే వేసిన బొమ్మలతో "సే" అనే పుస్తకంగా వచ్చాయి. సే అంటే బెంగాలీలో "అతను". ఆ మనిషికి పేరు కూడా లేదు. తాతా మనవరాలూ మాట్లాడుకుంటూ ఉండగా పెరిగిన మనిషి అతను. మన రేడియోలో అయితే న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, అదే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, బాలానందం అనే పిల్లల కార్యక్రమంలో మైకు పిల్లలకే ఇచ్చారు. నా వయసు వాళ్ళకు ఆ పిల్లల గొంతులు ఇప్పటికీ గుర్తుంటాయి.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. ఆట మధ్యలో ఫోన్ తీయకండి. నేను ఒకసారి వీడియో తీశాను. ఫోన్ కనిపించగానే బస్సు ఆగిపోయింది. కండక్టరు పోజు ఇస్తూ నిలబడింది, విజయనగరం ఎటో పోయింది. అప్పటినుంచి ఏం విన్నా పిల్ల నిద్రపోయాకే నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకుంటున్నాను. ఉద్యోగాలు చేసి అలసిపోయి వచ్చే అమ్మానాన్నలు, రోజూ గంటసేపు ఆడాలంటే ఎలా అనుకోవచ్చు. పావుగంట చాలు. ప్రయాణికులు చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. కూర్చోవాలి, చెప్పిన చోట దిగాలి, "ఎక్కడికి?" "ఎందుకు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే నాకు చాలా కష్టమైంది.

కథ పూర్తయ్యాక ముందు మా మనవరాలికే చదివి వినిపించాను. ఒళ్ళో కూర్చుని బుద్ధిగా వింది. వర్షం బస్సెక్కి, డబ్బులిచ్చి, టికెట్ తీసుకుందని చదవగానే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అర టికెట్ అమ్మమ్మా" అంది. "వర్షం ఇంకా చిన్నది కదా. నేను సగమే ఇచ్చాను, నువ్వు చూడలేదా?"

పెన్ను తీసి, టికెట్ ముందు "అర" అని రాశాను. సరిగ్గా రాశానో లేదో చూసుకుని, అప్పుడు చెయ్యి తీసింది.