తిరగేసి చూడండి

(చేనేత దినోత్సవం నాడు కర్నూలులో ఒక మహిళా కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న అధ్యాపకులకు, ఇంత ఉక్కలోనూ కదలకుండా కూర్చున్న అమ్మాయిలందరికీ నమస్కారం. పరిచయం చేసిన మేడం నన్ను ఫ్యాషన్ నిపుణురాలు అన్నారు. అంత మాట నాకు తగదు. ఈ ఊళ్లోనే ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసిందల్లా కత్తెర, టేపు, సూది. వాటి గురించి మాట్లాడమంటే రాత్రి దాకా మాట్లాడతాను, కాబట్టి సమయం అయిపోగానే ఆపించే బాధ్యత మీదే.

"ఫాస్ట్ ఫ్యాషన్ వద్దు, మన్నే బట్టలు ముద్దు" అని బ్యానరు మీద రాశారు. ఫాస్ట్ ఫ్యాషన్ అంటే చవగ్గా కొని, నాలుగు రోజులు వేసుకుని పారేసే బట్టల వ్యాపారం. బాగుంది. కానీ ముందు ఈ శాలువా సంగతి తేల్చాలి. కప్పినవారు ఏమీ అనుకోవద్దు. మీరు ప్రేమతోనే కప్పారు, నేను గౌరవంతోనే వంగాను.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తువులను బహిష్కరిద్దామని తీర్మానించి స్వదేశీ ఉద్యమం మొదలుపెట్టారు. ఆ రోజు గుర్తుగానే 2015 నుంచి మనం జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. అలాంటి ఈ చేనేత దినోత్సవ సభలోనే నా భుజాల మీద పడింది పాలిస్టర్ శాలువా! ఎమ్మిగనూరు ఇక్కడికి గంటన్నర, రెండు గంటల బస్సు ప్రయాణం. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊరిని పక్కన పెట్టుకుని ఒక నూలు తువ్వాలు దొరకలేదా మనకు?

ఇంతకుముందు సభల్లో కప్పిన ఇలాంటి శాలువాలతో ఏమి చేయవచ్చో నేను చాలా విధాలుగా చూశాను. ఒళ్లు తుడుచుకుందామంటే నీళ్లు పీల్చదు. మసిగుడ్డ చేద్దామంటే బాగా కాలిన గిన్నె తగిలితే కరిగి అంటుకుంటుంది. బొంతలో వేద్దామంటే జారిపోతుంది, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు. పసిబిడ్డ పొత్తిగుడ్డలకైతే తలచుకోవడమే పాపం. చివరికి మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒకటి, కుట్టు మిషన్ మీద ఒకటి, టీవీ మీద ఒకటి చేరాయి. సన్మానం నాకు, శాలువా ఫ్రిజ్‌కు.

ఇంకో ముచ్చట చెప్పి ఆపేస్తాను. ఒక శాలువా అంచు పీచు లేస్తుంటే చూడలేక పచ్చదారంతో మడిచి కుట్టి, మా వీధిలో ఎవరో రిటైరవుతుంటే ఇచ్చేశాను. ఆ తర్వాత ఎన్ని భుజాలు తిరిగిందో, ఒక మహిళా దినోత్సవ సభలో మళ్లీ నా మీదే వచ్చి వాలింది. పచ్చదారం చూసి గుర్తుపట్టాను. నవ్వుతున్నారు, నవ్వండి. కాని ఆలోచించండి, ఇందరి చేతులు మారినా దాన్ని వాడుకున్నవారు ఒక్కరూ లేరు.

సరే, అసలు విషయానికి వస్తాను. మీరు వేసుకున్న కుర్తీ లోపలివైపు పక్కకుట్టు ఎప్పుడైనా చూశారా? ఇంటికి వెళ్లి తిరగేసి చూడండి. చాలావాటిలో కుట్టు పక్కన చిటికెన వేలి గోరంత గుడ్డ కూడా ఉండదు. దాన్ని కుట్టింది ఓవర్‌లాక్ మిషన్. దానికొక చిన్న కత్తి ఉంటుంది, కుడుతూనే అంచును కోసుకుంటూ పోతుంది. ముక్క ముక్కకూ మిగిలే గుడ్డ, లక్షల జతల మీద కంపెనీకి లాభం. మీరు కాస్త ఒళ్లు చేశారనుకోండి, ఆ కుర్తీ విప్పి వదులు చేయడానికి లోపల ఏమీ లేదు. పారేయడమే.

మా దగ్గర రవిక నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజు చెప్పే మాట ఒకటే. పక్కన అంగుళం పైగా గుడ్డ వదులు, వరుసగా మూడు కుట్లు వెయ్యి. పెళ్లికి కుట్టించుకున్న రవిక కాన్పు తర్వాత ఒక కుట్టు విప్పితే పడుతుంది, మరికొన్నేళ్లకు ఇంకో కుట్టు విప్పితే పడుతుంది. ఆ తర్వాత మళ్లీ బిగించి కుడితే కూతురికి పడుతుంది. కుట్టేటప్పుడే ఆ ఇల్లాలి రాబోయే ఇరవై ఏళ్లను లెక్కలో పెట్టుకుని గుడ్డ వదిలేవాళ్లం.

పావడాలకైతే కింద రెండు మడతలు వేసి కుట్టేవారు. పిల్ల పొడుగైతే ఒక మడత విప్పేవారు. మడతలో దాగిన గుడ్డకు ఎండ తగలదు కదా, అది ముదురు రంగులోనే ఉండి పావడా చుట్టూ ఒక చార కనిపించేది. బళ్లో ఆ చార చూసి నవ్వేవారు. మా అమ్మ దాని మీద లేసు వేసి కుట్టేసేది. అప్పుడు అది కొత్త పావడాలా ఉందని నవ్వినవాళ్లే అడిగేవారు, ఎక్కడ కొన్నారని!

అప్పట్లో కొనడానికి ఒక సందర్భం ఉండేది. ఉగాదికి ఒక జత, దసరాకు ఒక జత. రంజాన్ ముందు పాతబస్తీలో దర్జీలకు కంటి మీద కునుకు ఉండేది కాదు. ఇప్పుడు పండుగ లేకపోయినా వారం వారం ఫోనులో కొత్త సరుకు దిగుతోంది. రెండు వందలకు టాపు వస్తోంది. ఆ రెండు వందలను కాస్త విడదీసి చూద్దాం. పత్తి కొనాలి. ఆదోని మార్కెట్లో పత్తి అమ్ముకునే రైతు మీ బంధువుల్లోనే ఉంటాడు, ఆయనకు ఎంత మిగులుతుందో అడగండి. గింజ తీయాలి, వడకాలి, నేయాలి, రంగు వేయాలి, కత్తిరించాలి, కుట్టాలి, మీ గుమ్మం దాకా చేర్చాలి. అందరూ తమ వాటా తీసుకోగా కుట్టిన మనిషికి ఏమి దక్కిందో నాకు లెక్క వేయాలంటేనే భయం.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్ అనే చోట రానా ప్లాజా అనే భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. కుట్టేవాళ్లను మాత్రం మరునాడు లోపలికి పంపారు. ఆర్డరు ఆలస్యమవుతుందని. నేను మిషన్ ముందు కూర్చుని బతికినదాన్ని, ఈ వార్త చదివాక రెండు వందల టాపును చేత్తో పట్టుకుంటే నాకు వేరేగా అనిపిస్తుంది. మీకూ అలాగే అనిపించాలని అడగను. ఒక్కసారి తెలుసుకోండి, చాలు.

ఇక గుడ్డ సంగతి. దుకాణంలో "ప్యూర్ కాటన్" అని ఎవరైనా చెప్తారు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని వెలిగించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. అది పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని పీచు రాలి నీళ్లలో కలుస్తుంది. మట్టిలో వేస్తే మీ మనవళ్ల కాలానికీ ఉంటుంది. చిలీ దేశంలో అటకామా ఎడారి అంచున ఇలాంటి బట్టలు దిబ్బలుగా పడి ఉన్నాయి. ఇకీకే రేవులో దిగి, అమ్ముడుపోక ఎడారికి చేరినవి. అంత దూరం ఎందుకు, మన కాలువ గట్లు చూడండి.

అలాగని నూలును దేవుడి పటంలా పెట్టుకుని మొక్కమనను. ఒక్క నూలు టీషర్టు వెనుక సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని పర్యావరణ సంస్థలు లెక్క చెప్తాయి. రాయలసీమ వాళ్లం, ఆ నీటి విలువ మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందుకే నూలు బట్ట నాలుగు కొని మూడు మూలన పడేయడం కూడా నాకు నచ్చదు. ఆ మాటకొస్తే, మీ కాలేజీలో వార్షికోత్సవానికి ఒక టీషర్టు, ఆటల పోటీలకు ఒకటి, ర్యాలీకి ఒకటి. పర్యావరణ దినోత్సవానికి కూడా ఒకటి ఇచ్చారట, అదీ పాలిస్టరే! ప్రిన్సిపాల్ గారూ, తప్పుగా అనుకోకండి, దీని మీద మీతో విడిగా మాట్లాడతాను.

"చేనేత ఖరీదు కదా మేడం, మేము ఎలా కొనగలం?" అని ఇందాక వచ్చేటప్పుడు ఒక అమ్మాయి అడిగింది. నిజమే, ధర్మవరం పట్టు ఎవరూ రోజూ కట్టరు. ఒక తువ్వాలు, ఒక దుప్పటితో మొదలుపెట్టండి. అదీ కుదరకపోతే కొనకండి. ఉన్నది బాగుచేసుకోవడానికి చేనేతే కానక్కర్లేదు, సూదిలో దారం ఎక్కించడం వస్తే చాలు. పిల్లలూ, గుండీ కుట్టడం వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఆఁ... సరే, దించండి, సిగ్గుపడకండి.

ముగించమని చీటీ వచ్చింది. నా సంచిలో సూదులు, దారపు ఉండలు, రెండు కత్తెరలు ఉన్నాయి. కింద ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. బస్సుకు వేళైనవాళ్లు వెళ్లిపోవచ్చు. ముందు వరుసలో నీలం చున్నీ అమ్మాయీ, భుజం దగ్గర నీ కుట్టు వదిలింది, నువ్వే మొదట రా. ఈ మైకు ఎవరైనా తీసుకోండి.