పర్లాకిమిడి పొలంలో మెటల్ డిటెక్టర్: నెల రోజులు తిప్పాక నా రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, లంకెబిందెలు దొరకలేదు. వాటి కోసమే వీడియో ఓపెన్ చేసినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను.

ఇదిగో, నెల రోజులుగా నేను వాడుతున్న మెటల్ డిటెక్టర్. కంపెనీ పేరు చెప్పను, స్టిక్కర్ మీద టేపు కూడా అంటించాను. ఎందుకంటే కాసేపట్లో దీన్ని తిడతాను. 12 కిలోహెర్ట్జ్ మెషీన్, కింద నేల మీద తిప్పే చక్రం 11 అంగుళాల డీడీ రకం కాయిల్, చార్జింగ్ బ్యాటరీ. బరువు కిలో మూడు వందల గ్రాములు. వినడానికి తక్కువే. గంటసేపు ఒక చేత్తో ఊపి చూడండి, మోచెయ్యి చెప్తుంది.

తిప్పింది మా మావయ్య పొలంలో. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ నదికి ఇవతల. పెసర కోసేశారు, మళ్లీ దుక్కి పట్టడానికి టైముంది. ఎండి బిగిసిన నేలకంటే తడి నేలలో సిగ్నల్ కాస్త లోతు నుంచి అందుతుంది. అందుకని ఒక వాన పడేదాకా ఆగాను.

మొదటి రోజు సగం ఊరు గట్టు మీదే ఉంది. ఒక తాతగారు "ఏటి బాబూ, గుప్తనిధులా?" అని మెల్లగా అడిగారు. నవ్వొచ్చింది కానీ, ఆ మాట ఒకసారి పాకిందంటే రాత్రిపూట గునపాలు పట్టుకుని ఎవరో ఒకరు దిగుతారు. పొలం గుల్లయిపోతుంది. అందుకే పగలే తిప్పాను, మావయ్య పక్కనుండగానే తవ్వాను.

ఇది పనిచేసే తీరు సింపుల్‌గా చెప్తాను. కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. వాటి జవాబును రెండో చుట్ట వింటుంది. ఆ జవాబు వచ్చిన తీరును బట్టి స్క్రీన్ మీద ఒక నంబర్ పడుతుంది. ఇనుముకి చిన్న నంబర్, రాగికీ వెండికీ పెద్దది.

ఇక తిట్టే భాగం. మావయ్య పొలంలో కింద మడి నల్లగా ఉంటుంది, మెట్ట వైపు ఎర్రమట్టి. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. అక్కడికి వెళ్లగానే మెషీన్‌కి పూనకం వచ్చినట్టు ఒకటే కూత. చిన్న ఎర్రరాయి అడ్డొచ్చినా నిధి దొరికినంత హడావుడి చేస్తుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ అని, నేలలోని ఇనుముని పట్టించుకోకుండా చేసే బటన్ ఒకటుంది. దాన్ని నొక్కి పట్టుకుని, కాయిల్‌ని నేల మీద ఎత్తి దించుతూ ఉంటే సర్దుకుంటుంది. నాలుగు అడుగులేస్తే మళ్లీ మొదలు. బోరు మోటారు ఆన్‌లో ఉంటే అది ఇంకో తలనొప్పి, సెన్సిటివిటీ సగానికి దించాల్సిందే.

లోతు సంగతి. ఒక పాత రాగి నాణెం పాతిపెట్టి టెస్ట్ చేశాను. నల్లమట్టిలో ఆరంగుళాల దగ్గర కూడా బాగానే పలికింది. ఎర్రమట్టిలో నాలుగు దాటాక నంబర్ గంతులేసింది. ఆరంగుళాల దగ్గర ఏమీ లేనట్టే ఊరుకుంది. డబ్బా మీద రాసిన లోతు మన నేలకి కాదు, అంతే.

దొరికినవి చూపిస్తా. ఇవి ఎద్దుల లాడాలు, ఏడు. ఇది నాగటి కర్రు ముక్క. ఇవి సోడా మూతలు, లెక్కపెట్టడం మానేశాను. మాత్రల రేకులైతే చెప్పక్కర్లేదు. ఇది అల్యూమినియం మూడు పైసలు, ఆరు మూలలది. రేకు ముక్కకీ దీనికీ నంబర్‌లో పెద్ద తేడా లేదు. రేకులతో విసిగిపోయి ఆ నంబర్లకి కూయకుండా మెషీన్‌లో కట్ చేశారో, ఇవి కూడా పోతాయి. ఇంకో మాట, ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల బంగారు ఫణాలు ఈ ప్రాంతపు నాణేలే. వాళ్ల రాజధాని కళింగనగరం, అంటే ఇప్పటి ముఖలింగం, ఇక్కడికి దగ్గరే. పడుకున్న నంది బొమ్మతో, అర గ్రాము కూడా ఉండవు. అంత చిన్న బంగారం కూడా రేకు నంబర్లలోనే పలుకుతుంది. నాకు దొరకలేదు, కానీ కట్ చెయ్యబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలైనవి రెండు. మొదటిది చిల్లుకానీ. 1943 నుంచి 1947 దాకా వేసిన నడిమి చిల్లు కంచు పైస. చింతచెట్టు కింద నాలుగు వేళ్ల లోతులో దొరికింది. పచ్చగా చిలుము పట్టి ఎంత అందంగా ఉందో! గిన్నెలో పెట్టి స్నానానికి వెళ్లొచ్చేసరికి అత్తయ్య చింతపండు పెట్టి తోమేసింది. "ఎంత మెరుస్తుందో చూడు బాబూ" అని చేతిలో పెట్టింది. ఏమంటాం? పాత నాణేన్ని ఎప్పుడూ తోమకండి, పైపొరతో పాటు అక్షరాలు కూడా అరుగుతాయి. కానీ అత్తయ్యే ఒక మాట చెప్పింది. వాళ్లమ్మ ఇలాంటివి పిల్లల మొలతాడుకి కట్టేదట. చిల్లు అంచు ఒక పక్క నున్నగా అరిగి ఉంది, చూడండి. తాడు ఒరిపిడేమో.

రెండోది ఇప్పుడు నా దగ్గర లేదు, ఫొటో చూడండి. 1808 నాటి పది క్యాష్ నాణెం, ఈస్టిండియా కంపెనీ మద్రాసు కోసం ఇంగ్లండులో ముద్రించిన రాగి నాణెం. ఒక పక్క కంపెనీ సింహాలు, రెండో పక్క పారసీ అక్షరాలు, కింద రోమన్ అంకెలో పది. ఒడిశా మట్టిలో మద్రాసు నాణెం ఏమిటంటారా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ నేల మద్రాసు లెక్కలోదే. ఇంకో తమాషా, ఆ 'క్యాష్' అన్న మాట మన కాసే. తెల్లవాళ్లు పలకలేక అలా అయింది.

ఎందుకు లేదంటే, ఇచ్చేశాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఇది ఎవరైనా దాచిందా, జేబులోంచి జారిందా అని తేల్చేది నేను కాదు కదా. కాగితం రాసి, నాణెం కవర్లో పెట్టి కలెక్టర్ ఆఫీసుకి పట్టుకెళ్లాను. తీసుకున్నాయన అటూ ఇటూ తిప్పి "దీనికా ఇంత దూరం వచ్చారు?" అన్నారు. రసీదు మాత్రం అడిగి తీసుకున్నాను. మీరూ తీసుకోండి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది, 1972 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం కుదరదు, దేశం దాటించడం అసలు కుదరదు.

జౌగఢ వెళ్లి వీడియో తీయమని చాలామంది అడుగుతున్నారు. రుషికుల్య నది పక్కన అశోకుడి శాసనం ఉన్న కోట అది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చూడ్డానికి వెళ్తాను, మెషీన్ ఇంట్లో పెట్టి.

కొనాలా వద్దా? పొలం మీదైతే, లేదా పొలమున్న మావయ్య ఉంటే, ఓపికుంటే కొనండి. ఎర్రమట్టి నేలవాళ్లు మాత్రం గ్రౌండ్ బ్యాలెన్స్ దానంతటదే సర్దుకునే మెషీన్ చూసుకోండి, రేటు ఎక్కువైనా సరే. డబ్బులు తిరిగొస్తాయని మాత్రం కొనకండి.

ఊళ్లో దీనికి గిరాకీ వేరే దారిలో వచ్చింది. పక్కింటి వదిన వెండి మెట్టె కిందటేడు ఊడ్పుల్లో బురదలో జారిపోయిందట. ఏ మడిలోనో గుర్తుందంటోంది. అది నల్లమట్టే. రేపు పొద్దున్నే వెళ్తున్నాం, రాత్రికి దీన్ని చార్జింగ్‌లో పెట్టాలి.