రిబ్బు ఎత్తు తగ్గితే మూతకే ముప్పు
నెల్లూరులో ఫ్యాబ్రికేషన్ మేస్త్రీలు, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో పని ఆపుకొని వచ్చిన మేస్త్రీలకి ముందుగా కృతజ్ఞతలు.

ఈ బల్ల మీద ఉన్న ఇనుప ముక్క చూడండి. మన సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో నీళ్లు వడకట్టే ప్రెషర్ ఫిల్టర్ ఉండేది. దాని మూతలోంచి కోసిన ముక్క ఇది. మూత మీటరు వెడల్పు. డిష్ ఎండ్, అంటే గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే మూత, చెన్నై నుంచి రావడానికి ఆలస్యమవుతుందని 20 మి.మీ. ప్లేటునే గుండ్రంగా కోసి బోల్టులు బిగించారు. మోటారు వేస్తే మధ్యలో ఉబ్బేది, నీళ్లు కారకుండా మూత కింద పెట్టే గాస్కెట్ దగ్గర నీళ్లు చిమ్మేవి. అప్పుడు పైన 10 మి.మీ. మందం, 50 మి.మీ. ఎత్తున్న పట్టీలని 200 మి.మీ.కి ఒకటి చొప్పున, అన్నీ ఒకే దిక్కుగా నిలబెట్టి వెల్డు చేశారు. ఈ పట్టీలనే రిబ్బులు అంటాం. కారడం ఆగింది. నేను వెళ్లి చూసి "బాగుంది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. ఎనిమిది నెలలకి మూత పగిలింది. అదృష్టం, ఆ పూట పక్కన మనిషి లేడు.

ఎందుకు పగిలిందో చూద్దాం. ఆ ట్యాంకులో ప్రెషర్ రెండున్నర కేజీలు, అంటే చదరపు సెంటీమీటరుకి. వినడానికి చిన్నదే. కానీ మీటరు వెడల్పు మూత మీద అది దాదాపు 20 టన్నుల మోత. గుండ్రటి షెల్, అంటే ట్యాంకు ఒళ్లు, దాన్ని సాగుడుతో మోస్తుంది కాబట్టి ప్రెషర్ వరకే చూస్తే దానికి ఒక మి.మీ. మందం కూడా అక్కర్లేదు. బల్లపరుపు మూత వంగుతూ మోయాలి. ప్రెషర్ ట్యాంకులకి వాడే అమెరికా ఎ.ఎస్.ఎం.ఇ. కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1లో బల్లపరుపు మూత మందం చెప్పే యూజీ-34 సూత్రం వేసి, 138 మెగాపాస్కల్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు పది కేజీలు) దాకా మోయనివ్వొచ్చన్న స్టీలు తీసుకుంటే 23 మి.మీ. వస్తుంది. బోల్టు బిగింపు వల్ల వచ్చే వంపు కలిపితే ఇంకా పైకి పోతుంది. 20 ఎలాగూ చాలదు.

మరి రిబ్బులు పెట్టారు కదా అంటారు. అసలు సంగతి అక్కడే ఉంది. ఒక్కో రిబ్బు తన కింద ఉన్న 200 మి.మీ. ప్లేటుతో కలిసి టీ ఆకారంలో దూలంలా పని చేస్తుంది. ఉత్త ప్లేటుతో పోలిస్తే 50 మి.మీ. రిబ్బు వల్ల ఆ దూలం వంగకుండా నిలిచే గుణం దాదాపు ఆరు రెట్లు పెరిగింది. అందుకే ఉబ్బడం తగ్గింది, లీకేజీ ఆగింది. కానీ బలాన్ని చెప్పే సెక్షన్ మాడ్యులస్ ఎంత పెరిగిందో తెలుసా? 13,333 నుంచి 13,900 ఘన మి.మీ.లకి. అంటే పెరగనట్టే. దూలం వంగినా సాగకుండా, నలగకుండా ఉండే మధ్య గీత ఒకటి ఉంటుంది. రిబ్బు కొన ఆ గీతకి దూరంగా పోయింది, సాగుడంతా ఆ కొన మీదే పడింది. 10 మి.మీ. ఎత్తు పట్టీ పెట్టి చూడండి, మాడ్యులస్ 8,000 లోపుకి పడిపోతుంది! రిబ్బు లేని ప్లేటే నయం. అదే 100 మి.మీ. పెడితే 39,000 దాటుతుంది, దాదాపు మూడు రెట్లు. ఈ లెక్క పిల్లలు ఈ రాత్రే కాగితం మీద చేసి చూసుకోండి. నా మాట నమ్మి ఊరుకోవద్దు.

ఇంకో పొరపాటు కూడా ఉంది. ఉత్త ప్లేటు బరువుని అన్ని దిక్కులకీ పంచుతుంది. ఒకే దిక్కుగా రిబ్బులు పెడితే గట్టిగా ఉన్న దిక్కుకే మోతంతా వెళ్తుంది. మధ్యలో ఉన్న రిబ్బుని మీటరు పొడవు దూలంలా లెక్కేస్తే, 50 మి.మీ. ఎత్తుకి కొన దగ్గర 440 మెగాపాస్కల్ వస్తుంది. మనం రోజూ వాడే ఐ.ఎస్. 2062 ఇ-250 స్టీలు 250 దగ్గరే లొంగిపోతుంది. 100 మి.మీ. ఎత్తుకి వచ్చేది 156.

ఒక మేస్త్రీ నన్ను అడిగాడు: "ఏంది సార్, ఉబ్బేది మధ్యలో గదా, వెల్డు కూడా మధ్యలోనే గట్టిగా ఎయ్యాల గదా?" మంచి ప్రశ్న. వంపు మధ్యలో ఎక్కువ, నిజమే. కానీ రిబ్బుకీ ప్లేటుకీ మధ్య జారుడు మాత్రం నట్టనడుమ సున్నా, అంచుల దగ్గరే ఎక్కువ. కాబట్టి అతుకులు అతుకులుగా వెల్డు చేసినా చివర్లలో మాత్రం విడవకుండా రెండు వైపులా వేయాలి. రిబ్బు అంచుదాకా పోవాలి కూడా. మన పెంకుటిళ్లలో దూలం చివర గోడ మీద కూర్చుంటుంది కదా, గోడకి జానెడు ఇవతల ఆపం. ఆ హేచరీ మూతలో స్పానర్ తిరగడానికి చోటు కావాలని రిబ్బులని ముందే ఆపేశారు. అక్కడ మిగిలిన 20 మి.మీ. ప్లేటే ఒంటరిగా మోసింది.

యూజీ-34 సూత్రం ఉత్త ప్లేటుకే. రిబ్బులున్న మూతకి అందులో రెడీమేడ్ సూత్రం లేదు. లెక్క విడిగా చేసి, ఇన్‌స్పెక్టర్‌ని ఒప్పించాలి. నన్నడిగితే ఆ మూతకి 30 మి.మీ. ప్లేటు తీసుకొని, బోల్టు లెక్క సరిచూసుకుంటే పోయేది. అదనంగా 60, 70 కేజీల ఇనుము, అంతే. రిబ్బులు అసలు అక్కర్లేదు. మూత బాగా పెద్దదై, ప్లేటు మందం మోయలేనంత అయినప్పుడే రిబ్బుల గురించి ఆలోచించండి. పెడితే ఎత్తుగా పెట్టండి. వెల్డు వేడికి ప్లేటు వంకరపోతుంది కాబట్టి గాస్కెట్ ముఖాన్ని వెల్డింగ్ అంతా అయ్యాకే లేత్ మీద చదును చేయండి. పరీక్ష నీళ్లతోనే చేయండి, గాలితో వద్దు.

ఇప్పుడు దగ్గరికి వచ్చి ఈ ముక్క చూడండి. రిబ్బుకి సరిగ్గా మధ్యలో ఒక అతుకు ఉంది. పొడవు పట్టీ దొరక్క రెండు తుండ్లు కలిపారు. వెల్డు పైపైనే ఉంది, లోపల వేలుగోరు దూరేంత సందు. సాగుడు అన్నిటికంటే ఎక్కువున్న చోట ఆ సందు పడింది. మోటారు వేసి ఆపిన ప్రతిసారీ అది కాస్త తెరుచుకుంది, కాస్త కిందికి దిగింది. పగులు ముఖం మీద తుప్పు పట్టి నల్లబడిన భాగం పాత పగులు. కింద, ప్లేటులో మెరుస్తున్న సన్నటి అంచు ఒక్కటే చివరి రోజుది.