హ్యాపీ వ్యాలీ: ఒకే స్టేషన్, ఇద్దరు సార్జెంట్లు

నమస్తే అండి. ఇవాళ ఒక ఇంగ్లిష్ సిరీస్ గురించి మాట్లాడుకుందాం. పేరు హ్యాపీ వ్యాలీ. బీబీసీ వాళ్లది. 2014లో మొదటి సీజన్ వచ్చింది, 2016లో రెండోది, ఆ తర్వాత ఏడేళ్లు ఆగి 2023లో మూడోది. సీజన్‌కి ఆరేసి ఎపిసోడ్లు, మొత్తం 18. రాసినావిడ శాలీ వెయిన్‌రైట్. ముందే చెప్తున్నా, కథ మొత్తం విప్పేస్తాను. సస్పెన్స్ పోతుందనుకునేవాళ్లు సిరీస్ చూసొచ్చాకే ఈ వీడియో పెట్టుకోండి.

మర్డర్ కేసు ఒకవైపు, ఇంట్లో గొడవలు ఇంకోవైపు. ఈ వరస మనకేం కొత్త కాదు. పోలీసు హీరో పెళ్లిరోజు మర్చిపోతాడు, భార్య అలుగుతుంది, ఇంతలో ఫోన్ మోగుతుంది, ఆయన జీపెక్కి వెళ్లిపోతాడు. ఇంటి సీన్లు రాగానే మనం వాట్సాప్ తెరుస్తాం. ఎందుకంటే ఆ సీన్లన్నీ కత్తిరించి పారేసినా కేసుకేం కాదు. హ్యాపీ వ్యాలీలో ఆ పప్పులు ఉడకవు. ఇంటి గొడవ తీసేస్తే అక్కడ కేసే మిగలదు.

ముందు ఊరి సంగతి. ఇంగ్లండ్ ఉత్తరాన వెస్ట్ యార్క్‌షైర్ ఉంది. అందులో హాలిఫాక్స్ దగ్గర కాల్డర్ నది లోయ. చుట్టూ పచ్చటి కొండలు, నల్లబడ్డ రాతి ఇళ్లు, కాలువ మీద పడవలు. ఒకప్పుడు బట్టల మిల్లుల మీద బతికిన ఊళ్లు. చూస్తే క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది. లోపలికెళ్తే వీధి వీధికీ మత్తుమందు. హ్యాపీ వ్యాలీ అంటే అక్కడి పోలీసులు ఆ లోయకి వెటకారంగా పెట్టుకున్న పేరు.

మన సార్జెంట్ కేథరిన్ కేవుడ్. నటించింది శారా లాంకషైర్. మన దగ్గర పోలీసుల్లో ఈ ర్యాంకు ఉండదు కాబట్టి ఒక్క ముక్కలో చెప్తా. కానిస్టేబుల్‌కి పైన, ఇన్‌స్పెక్టర్‌కి కింద. షిఫ్టులో ఉన్న కానిస్టేబుళ్లందర్నీ నడిపేది ఈవిడే. మనకైతే మర్డర్ జరిగితే మామూలుగా సీఐ దర్యాప్తు చేస్తారు. అక్కడ డిటెక్టివ్‌ల టీమ్ వేరే వస్తుంది. యూనిఫాం సార్జెంట్ పని ఏమిటంటే ముందుగా వెళ్లి టేపు కట్టడం, జనాన్ని ఆపడం, ఇంటింటికీ తిరిగి అడగడం. కేథరిన్ కూడా ఒకప్పుడు డిటెక్టివే. కూతురు పోయాక ఆ పని వదిలేసి మళ్లీ యూనిఫాం వేసుకుంది. అంటే కేసు మీద అధికారం ఆవిడకి లేదు, కానీ లోయలో ఎవరింట్లో ఏం జరుగుతోందో మొత్తం తెలిసింది ఆవిడకే. మూడో సీజన్ మొదట్లో నీళ్లు ఖాళీ చేసిన రిజర్వాయరులో ఎముకలు బయటపడతాయి. ఈవిడ పళ్ల వరస చూసి ఫలానావాడని చెప్పేస్తుంది. సూటు వేసుకున్న డిటెక్టివ్ బాబులేమో ‘ఆహా, అలాగా’ అన్నట్టు ఒక చూపు చూస్తారు. ఆ చూపు మన ఆఫీసుల్లో పని చేసే ఆడవాళ్లకి విడిగా వివరించక్కర్లేదు.

మొట్టమొదటి సీన్ చూడండి. పిల్లల పార్కులో ఒక కుర్రాడు ఒంటి మీద పెట్రోలు పోసుకుని చేతిలో లైటర్‌తో నిలబడ్డాడు. ప్రేమించిన అమ్మాయి కాదంది. కేథరిన్ పక్కనున్న షాపులో మంటలార్పే సిలిండర్ తీసుకుని, కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని వస్తుంది. వచ్చి వాడికి తన గురించి చెప్పుకుంటుంది! వయసు 47, విడాకులయ్యాయి, చెల్లెలితో ఉంటున్నా, చెల్లెలు ఒకప్పుడు హెరాయిన్‌కి అలవాటుపడి ఇప్పుడు మానేసింది, ఇద్దరు పిల్లల్లో ఒకరు చనిపోయారు, ఇంకొకరు మాట్లాడరు, ఒక మనవడున్నాడు. ముక్కూ మొహం తెలియని కుర్రాడికి, నడివీధిలో, కరెంటు బిల్లు చదివినంత మామూలుగా. మనకి రెండు ఎపిసోడ్లు పట్టే ఫ్లాష్‌బ్యాక్ అక్కడ నిమిషంలో అయిపోతుంది.

ఆ నిమిషాన్ని గుర్తుపెట్టుకోండి, నా వాదన అంతా దాని మీదే ఉంది. కేథరిన్ ఇంటి కష్టాన్ని దాచదు. పైకే చెప్తుంది. ఒక్కోసారి అవసరానికి మించి చెప్తుంది, అరుస్తుంది కూడా.

ఇంతకీ ఆ కష్టం ఏమిటి? కూతురు బెకీని టామీ లీ రాయిస్ అనేవాడు రేప్ చేశాడు. బిడ్డ పుట్టాక బెకీ ఆత్మహత్య చేసుకుంది. ఆ కేసులో వాడికి శిక్ష పడలేదు, లోపలికి వెళ్లింది మత్తుమందు కేసులో. పుట్టిన బిడ్డే రయాన్. నేను పెంచుతానని కేథరిన్ అంది, నావల్ల కాదని భర్త అన్నాడు. కొడుకూ దూరమయ్యాడు. ఒక్క పసివాడి కోసం కాపురం రెండు ముక్కలైంది. ఆ పిల్లవాడి ముఖంలో ఆవిడకి కూతురూ కనపడుతుంది, ఆ దుర్మార్గుడూ కనపడతాడు. ఇక కథ మొదలయ్యేసరికి టామీ జైలు నుంచి బయటికొచ్చాడు.

మొదటి సీజన్లో ఒక అకౌంటెంట్ జీతం పెంచలేదన్న కడుపుమంటతో యజమాని కూతుర్ని కిడ్నాప్ చేయమని వేరేవాళ్లకి ఉపాయం ఇస్తాడు. ఆ ముఠాలో టామీ ఉంటాడు. కేథరిన్ వాడి కోసం సొంతంగా వెతుకుతూ వెళ్లి ఆ అమ్మాయి దాకా చేరుతుంది. డ్యూటీ ఎక్కడ ఆగింది, పగ ఎక్కడ మొదలైందని అడిగితే ఆవిడ దగ్గర కూడా జవాబు లేదు. సిరీస్ ఆవిడని వెనకేసుకురాదు, అది నాకు నచ్చింది. కిర్‌స్టెన్ అనే కొత్త కానిస్టేబుల్‌ని మరీ మెత్తగా ఉంటున్నావని ఈవిడ మందలిస్తుంది. ఆ పిల్ల ఆ తర్వాత ఒంటరిగా ఒక వ్యాను ఆపబోయి ప్రాణం పోగొట్టుకుంటుంది. వ్యానులో ఉన్నది టామీ. ఇంటి మీద పడ్డ నీడే స్టేషన్ మీదా పడింది.

ఇప్పుడు అసలు విషయం, రెండో సీజన్. చాలామంది దీన్ని మూడింట్లో తక్కువ అంటారు, నేను ఒప్పుకోను.

ఒక గ్యారేజీలో శవం వాసన పట్టి తలుపు తీయించేది కేథరినే. చనిపోయింది ఎవరో కాదు, టామీ తల్లి. ఆమె రయాన్ దగ్గరికి వచ్చి మాట్లాడుతోందని అంతకుముందే కేథరిన్ ఫోన్లో బెదిరిస్తూ మెసేజీలు వదిలి ఉంది. ఇంకేముంది, శవాన్ని కనిపెట్టిన సార్జెంటే అనుమానితురాలు! ఆ రోజు ఎక్కడున్నావని సొంత డిపార్ట్‌మెంటే అడుగుతుంది. ఆవిడకి ఒళ్లు మండుతుంది, కానీ మెసేజీలు పెట్టలేదని బుకాయించదు.

అదే సమయంలో ఆ కేసు టీమ్‌లో ఇంకో సార్జెంట్ ఉన్నాడు. డిటెక్టివ్ సార్జెంట్ జాన్ వాడ్స్‌వర్త్. పెద్దమనిషి, భార్యాపిల్లలున్నవాడు. బయట ఒకావిడతో సంబంధం పెట్టుకున్నాడు. తెంచుకోబోతే ఆవిడ మత్తిచ్చి ఫొటోలు తీసి డబ్బు గుంజడం మొదలుపెట్టింది. ఒకరోజు గొంతు నులిమి చంపేశాడు. ఊళ్లో అప్పటికే ఆడవాళ్లని వరసగా చంపుతున్నవాడు ఇంకొకడున్నాడు, ఇదీ వాడి ఖాతాలోనే పడేట్టు శవాన్ని అమర్చాడు. మర్నాడు టై కట్టుకుని డ్యూటీకొచ్చి, తాను చేసిన హత్య గురించి మీటింగులో కూర్చుని నోట్స్ రాసుకుంటాడు! ఇంట్లో భార్యతో గొడవ, స్టేషన్లో తనవైపే నడుస్తున్న దర్యాప్తు. ఆ మనిషి కాఫీ కప్పు ఎత్తినా మనకి టెన్షనే.

రచయిత్రి పక్కపక్కన పెట్టింది వీళ్లిద్దర్నీ. ఇద్దరూ సార్జెంట్లే, ఇద్దరి ఇల్లూ సజావుగా లేదు. కేథరిన్ రాత్రి డ్యూటీ దిగి చెల్లెలు క్లేర్‌తో పెరట్లో కూర్చుని టీ తాగుతూ మొత్తం కక్కేస్తుంది. జాన్ ఎవ్వరికీ చెప్పడు. బెదిరింపు మొదలైన రోజే పై అధికారి దగ్గరికి వెళ్లి ‘సార్, తప్పు చేశా, ఇలా ఇరుక్కున్నా’ అని ఉంటే పరువు పోయేది, బహుశా ఉద్యోగమూ పోయేది. హత్య జరిగేది కాదు. మన దగ్గర ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాం. ఇక్కడ గుట్టు దాచినవాడికే చేటు.

చివరికి తోటివాళ్లకి అనుమానం వచ్చి తరుముతుంటే జాన్ వంతెన అంచున నిలబడతాడు. ఎదురుగా కేథరిన్. చావబోయేవాళ్లతో ఎలా మాట్లాడాలో ట్రైనింగ్ తీసుకున్నవాడు జాన్, ఆవిడ తీసుకోలేదు. ఎలా మాట్లాడాలో అతన్నే అడుగుతుంది, అతను చెప్తాడు కూడా. నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది. అతను దూకేస్తాడు. పార్కులో కుర్రాడి ముందు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ పనికిరాలేదు.

అదే ఎపిసోడ్లో ఇంకోటుంది. ఆ వరస హత్యలు చేస్తున్న అసలు హంతకుడి తల్లి, కొడుకు నిజం ఒప్పుకున్నాక తన చేతులతోనే కాల్చి చంపి, తానూ చావబోతుంది. కేథరిన్ వెళ్లేసరికి స్పృహలో ఉండీ లేనట్టు పడి ఉంది. కేథరిన్ నేల మీద కూర్చుని ఆమెని ఒళ్లోకి లాక్కుని పట్టుకుంటుంది. అలా పట్టుకునే, మెల్లగా, అరెస్టు చేసేటప్పుడు చదవాల్సిన వాక్యాలు చదువుతుంది. చేతులు తల్లివి, మాటలు పోలీసువి. సంగీతం పెట్టి ఏడిపించాల్సిన పని పడలేదు డైరెక్షన్‌కి.

ఏడేళ్లు ఎందుకు ఆగారంటే, రయాన్‌గా వేసిన రీస్ కానా నిజంగా పెద్దవాడు కావాలని. మూడో సీజన్లో వాడికి 16. మళ్లీ జైల్లో పడ్డ తండ్రి టామీని చూడాలని వాడికి వాడే అనుకున్నాడు. తీసుకెళ్లింది ఎవరు? చెల్లెలు క్లేర్, ఆమెతో ఉంటున్న నీల్. కేథరిన్‌కి చెప్పకుండా. అన్నీ చెప్పుకున్న చెల్లెలే ఈ ఒక్కటి దాచింది. కేఫ్‌లో కూర్చున్న క్లేర్‌కి కేథరిన్ బయట నుంచి ఫోన్ చేస్తుంది. క్లేర్ ఇంకెక్కడో ఉన్నట్టు అబద్ధం చెప్తుంది, ఈవిడ అద్దంలోంచి చూస్తూనే ఉంటుంది. మొత్తం 18 ఎపిసోడ్లలో నన్ను బాగా కుదిపింది ఈ సీన్. కత్తి లేదు, రక్తం లేదు. షివాన్ ఫినరన్ ముఖం మాత్రం చూడండి, క్లేర్ పాత్ర ఆవిడదే.

చివర్లో పోలీసుల చేతిలోంచి తప్పించుకున్న టామీ కేథరిన్ వంటింట్లోకే వచ్చి కూర్చుంటాడు. ఆల్బమ్‌లో కొడుకు ఫొటోలు చూసుకున్నాడట, వాడు బాగా పెరిగాడట, నిన్ను క్షమించానంటాడు ఆవిడతో! టామీగా వేసిన జేమ్స్ నార్టన్ ఆ మాట ఎంత నమ్మకంగా అంటాడంటే మనకి చెయ్యి లేస్తుంది. తర్వాత పెట్రోలుతో ఒళ్లు తగలబెట్టుకుంటాడు. ఎవడు చావాలని ఇన్నేళ్లూ తాను కోరుకుందో, వాడి మీదే కేథరిన్ దుప్పటి కప్పి మంటలార్పుతుంది. డ్యూటీ కదా. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, కొంచెం పెనుగులాట అయింది, గెలిచింది నేనే, నువ్వు అల్లిన దుప్పటి మాత్రం కాస్త కాలిందంటుంది. అక్కాచెల్లెళ్ల మధ్య రాజీ ఆ దుప్పటి మీదే అయిపోయింది, సారీలూ కౌగిలింతలూ ఏమీ లేవు. ఈ సీజన్‌కి శారా లాంకషైర్‌కి బాఫ్తా, అంటే బ్రిటన్‌లో సినిమాలకీ టీవీకీ ఇచ్చే పెద్ద అవార్డు, వచ్చింది, రెండో సీజన్‌కి వచ్చిన దాని తర్వాత మళ్లీ.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మూడో సీజన్లో మందుల షాపు నడిపే ఫైసల్ కథ చాలా బాగా మొదలవుతుంది. భయస్తుడు ఒక్కో మెట్టూ ఎలా దిగజారతాడో చూపిస్తూ వచ్చి, చివర్లో రెండు మాటల్లో తేల్చేశారు. జాన్‌కి ఇచ్చినంత టైమ్ అతనికీ ఇచ్చి ఉండాల్సింది.

చూడాలనుకుంటే వరసలోనే చూడండి, రెండోది దాటేసి మూడోదానికి పోకండి. యార్క్‌షైర్ యాస మన చెవికి కాస్త కష్టమే, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఒక్కో ఎపిసోడ్ దాదాపు గంట ఉంటుంది, మర్నాడు ఆఫీసుంటే రాత్రి పదింటికి మాత్రం మొదలుపెట్టకండి. జాన్ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లుంటే కింద రాయండి, వాదించుకుందాం.