కొట్టేయని పద్దు

అందరికీ నమస్కారం. "మీ రచనల మీద ఎవరి ప్రభావం ఉందో చెప్పండి" అన్నారు. ఒకప్పుడైతే ఠకీమని నాలుగు పేర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త భయం. ఎందుకో ఒక్క కథ పట్టుకుని చెప్తాను.

కొండ మీంచి చీపుర్ల మోపుతో సంతకి దిగిన ఒక మనిషి, తీరని అప్పు. ఇదీ కథ. చివరిదాకా ఆ మనిషికి పేరుండదు. అది అచ్చయ్యాక హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "కాఫ్కా ప్రభావం బాగా కనబడుతోందండీ" అన్నారు. జర్మన్‌లో రాసిన ఆ కాఫ్కాని అప్పటికి నేను చదవలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి "అవునండీ" అనేశాను. తర్వాత పుస్తకం తెప్పించుకుని చదివాను. నా తర్వాతి రెండు కథల్లో కాఫ్కా నిజంగానే ఉన్నాడు. వాటిలో ఆయన్ని ఎవరూ కనిపెట్టలేదు!

ఒడిశాలోని మన పర్లాకిమిడిలో అనుమానం వేరు. "గోపీనాథ్ మహంతి గారి 'పరజా' నుంచి కొట్టేశారు కదా మాస్టారూ" అని టీ కొట్టు దగ్గర అందరి ముందూ అడిగారొకాయన. 1945లో వచ్చిన ఆ ఒడియా నవలలో సుక్రు జాని సాహుకారుకి గోతి అవుతాడు, అంటే అప్పు కింద వెట్టికి కుదురుతాడు. అక్కడా కొండ, అప్పు, సాహుకారు. నా కథలోనూ అవే. కాదంటే ఎవరు నమ్ముతారు? కానీ నా కథలో సాహుకారు పుస్తకంలోంచి రాలేదు. ఆయన మా నాన్న. కిరాణా కొట్టు మాది. కొండవాళ్ళు చింతపండు, పసుపు దింపి ఉప్పు, కిరసనాయిలు పట్టుకెళ్ళేవారు. లెక్క ఎప్పుడూ మావైపే తేలేది. అది రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ప్రభావం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడం ఎంత కష్టమో ఇంకోటి చూడండి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే 1880లో రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. వ్యావహారిక భాష గురించి ఆయనకి ఆలోచన ఎలా వచ్చిందంటే, 1907లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర పేరు చెప్తారు. అబద్ధమేం కాదు. అయితే అంతకు చాలా ముందే గిడుగు వారు ఇక్కడి కొండవాళ్ళ సవర భాష నేర్చుకున్నారు. తెలుగు తెలిసిన సవర ఒకాయన్ని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి లిపి లేదు. ఎదుటి మనిషి నోరు విప్పితే చెవితో పట్టుకోవాల్సిందే. ఏళ్ళ తరబడి అలా విన్న చెవికి మన గ్రాంథికం ఎలా వినబడి ఉంటుంది? నన్నడిగితే యేట్స్ కన్నా ఆ సవర ఆయనదే పెద్ద వాటా. ఆయన పేరు మాత్రం ఎవరికీ నోటికి రాదు.

మళ్ళీ నా కథకి వస్తాను. కాఫ్కా కాదు, పరజా కాదు, అంతా మా కొట్టు అనుభవమే అని చాలా మీటింగుల్లో ధీమాగా చెప్పుకున్నాను. ఆ ధీమా ఒక్క ఉత్తరంతో పోయింది. కోరాపుట్ జిల్లా జైపూర్ నుంచి ఒక టీచరమ్మ రాశారు: "మీ కథలో చీపుర్లు అమ్మేది ఆడో మగో మూడో పేజీ దాకా తెలీదు. 'ఆ మనిషి' అనే రాశారు. అది మన ఒడియా 'సే' కదండీ?" ఒడియాలో అతనైనా, ఆమె అయినా 'సే' ఒక్కటే. క్రియలోనూ తేడా ఉండదు. నేను ఎప్పుడూ ఆలోచించని సంగతి. నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చింది, నా కథ నాకే చెప్తోందేమిటీవిడ అని.

ఆ రాత్రి అటక మీంచి నాన్న ఖాతా పుస్తకం దింపాను. కొండవాళ్ళ పేర్లు ఆయన రాసుకోలేదు. గుర్తులే: "చీపుర్ల మనిషి", "కుంటి మనిషి", "ముక్కుపోగుల మనిషి". ఎక్కడా ఇతను, ఆమె లేవు. పొద్దస్తమానం కొట్లో ఒడియా మాట్లాడిన మనిషి, రాత్రి లాంతరు ముందు కూచుని తెలుగులో రాసిన పద్దులవి. 'సే' నాకంటే ముందు ఆయన కలంలోకి దిగిందన్నమాట.

చీపుర్ల మనిషి పేరున తొమ్మిది రూపాయల చిల్లర బాకీ అలాగే ఉంది. టీ కొట్టు దగ్గర నన్నడిగిన పెద్దాయన ఇవాళ ముందు వరసలోనే కూచున్నారు. కొట్టేశానండీ, ఒప్పుకుంటున్నాను. మా నాన్న కొట్టేయని ఆ పద్దునే కొట్టేశాను.