కప్పు ఇస్తామన్నా యూరప్ ఛాంపియన్లు పారిపోయిన టోర్నీ

గెలిస్తే ప్రపంచ ఛాంపియన్ అనిపించుకోవచ్చు రండి అంటే, మాకొద్దు బాబోయ్ అన్న ఫుట్‌బాల్ క్లబ్‌లు ఉన్నాయి తెలుసా? 1971లో అయాక్స్, 1973లో మళ్లీ అయాక్స్, 1974లో బాయర్న్ మ్యూనిక్, 1977లో లివర్‌పూల్. చిన్నాచితకా జట్లు కావివి, అప్పటి యూరప్ ఛాంపియన్లు.

ఆ టోర్నీ పేరు ఇంటర్‌కాంటినెంటల్ కప్. యూరప్‌లో గెలిచినవాళ్లు, దక్షిణ అమెరికాలో కోపా లిబర్టడోరెస్ గెలిచినవాళ్లు, మీ ఊళ్లో ఒకటి మా ఊళ్లో ఒకటి ఆడి తేల్చుకోవాలి, అంతే. 1960లో మొదటి కప్పు రియల్ మాడ్రిడ్‌ది, ఉరుగ్వే క్లబ్ పెన్యరోల్‌ను సొంతగడ్డ మీద 5-1తో ఉతికి ఆరేసింది. 1962లో బ్రెజిల్ క్లబ్ శాంటోస్‌కి ఆడే పీలే లిస్బన్ వెళ్లి పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికా మీద హ్యాట్రిక్ కొట్టాడు. అప్పటిదాకా బానే ఉంది.

1967లో మొదలైంది అసలు రచ్చ. స్కాట్లాండ్ సెల్టిక్, అర్జెంటీనా రేసింగ్ క్లబ్. అర్జెంటీనాలో మ్యాచ్ ఇంకా మొదలే కాలేదు, సెల్టిక్ గోల్‌కీపర్ సింప్సన్ తలకి ఎవరో విసిరింది తగిలింది, ఆడలేకపోయాడు. చెరొకటి గెలవడంతో మూడో మ్యాచ్ ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పెట్టారు, దాన్ని మ్యాచ్ అనాలో కొట్లాట అనాలో నాకైతే తెలీదు: రిఫరీ నలుగురు సెల్టిక్ వాళ్లను, ఇద్దరు రేసింగ్ వాళ్లను బయటికి పొమ్మన్నాడు, అందులో బెర్టీ ఆల్డ్ అసలు పోనే లేదు, ఆ గందరగోళంలో చివరిదాకా ఆడేశాడు! కప్పు రేసింగ్‌కి పోయింది, సెల్టిక్ యాజమాన్యం తన ఆటగాళ్లకే జరిమానా వేసింది.

1969 ఇంకా ఘోరం. ఇటలీ క్లబ్ ఏసీ మిలన్‌లో నెస్టర్ కోంబిన్ అని ఉండేవాడు, పుట్టింది అర్జెంటీనాలో, ఆడేది ఫ్రాన్స్‌కి. బ్వేనస్ ఐరిస్‌లో అర్జెంటీనా క్లబ్ ఎస్టుడియాంటెస్ ఆటగాళ్లు అతని ముఖం పగలగొట్టారు, అది చాలదన్నట్టు సైన్యంలో చేరకుండా తప్పించుకున్నావంటూ పోలీసులు ఆ రక్తపు ముఖంతోనే పట్టుకుపోయారు. చివరికి అర్జెంటీనా ప్రభుత్వానికే సిగ్గేసి ముగ్గురు ఎస్టుడియాంటెస్ ఆటగాళ్లను జైల్లో పెట్టింది. మరుసటి ఏడాది అదే ఎస్టుడియాంటెస్ మీద డచ్ క్లబ్ ఫేయెనోర్డ్‌కి గెలుపు గోల్ కొట్టిన వాన్ డేల్ కళ్లజోడు లాక్కుని విరిచేశారు, పాపం. ఇవన్నీ చూశాక ఎవరొస్తారు చెప్పండి? 1975లో, 1978లో పోటీయే జరగలేదు.

కాపాడింది ఫుట్‌బాల్ పెద్దలు కాదు, కార్ల కంపెనీ. 1980 నుంచి టయోటా డబ్బుతో టోక్యోలో ఒకే ఒక్క మ్యాచ్, బెస్ట్ ప్లేయర్‌కి కారు తాళం. ఎవరి సొంతగడ్డా కాదు కాబట్టి గొడవలు తగ్గాయి, యూరప్ వాళ్లూ బుద్ధిగా వచ్చారు. బ్రెజిల్ అభిమానులకు మాత్రం టోక్యో మధ్యాహ్నం అంటే అర్ధరాత్రి, అయినా 1981లో జికో ఆడిన బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగో లివర్‌పూల్‌ను 3-0తో కొట్టిన మ్యాచ్ గురించి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2004లో పోర్చుగల్ క్లబ్ పోర్టో పెనాల్టీల్లో కొలంబియా క్లబ్ ఓన్సే కాల్డాస్ మీద 8-7తో గెలిచాక ఫిఫా తన క్లబ్ వరల్డ్ కప్‌ని ముందుకు తెచ్చి దీన్ని మూసేసింది. 2024లో ఆ పేరు మళ్లీ వాడుతున్నారు గానీ అది వేరే టోర్నీ. పాత విజేతలందర్నీ 2017లో ప్రపంచ ఛాంపియన్లుగా ఫిఫా ఒప్పుకుంది. ఆ లిస్టులో అట్లెటికో మాడ్రిడ్ కూడా ఉంది! 1974లో బాయర్న్ రానంటే రన్నరప్ హోదాలో వెళ్లి కప్పు కొట్టుకొచ్చారు మరి. యూరప్ ఛాంపియన్ ఒక్కసారీ కాలేదు, ప్రపంచ ఛాంపియన్ మాత్రం అయిపోయారు.