అడుగు పొరే అసలు పరిమళం

అందరికీ నమస్కారం.

సెంటు కొనడానికి వెళ్తే మనలో చాలామంది కాగితం ముక్క మీద చల్లించుకుని, వెంటనే వాసన చూసి, అక్కడికక్కడే డబ్బు చెల్లించి వచ్చేస్తాం. ఆ క్షణంలో ముక్కుకు గుప్పున తగిలేది చాలావరకు పై పొరే. అరగంట తిరిగేసరికి అది దాదాపు పోతుంది. సాయంత్రం దాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వాసన వేరు.

ఇదంతా ఆవిరయ్యే వేగంలో ఉన్న తేడా. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమొనీన్ అణువులో 10 కార్బన్లుంటాయి. గంధపు నూనెకు ప్రాణమైన శాంటలాల్‌లో 15, పైగా ఒక ఆక్సిజన్. తేలికైనది ముందు లేచిపోతుంది, బరువైనది నిలుస్తుంది. గులాబీ, మల్లె వాసనలు ఈ రెండింటికీ నడుమ. సెంట్లు తయారుచేసేవారు పై పొరను టాప్ నోట్, నడిమి పొరను హార్ట్ నోట్, అడుగు పొరను బేస్ నోట్ అంటారు.

అయితే ఇవి వంతులవారీగా వచ్చిపోవు. అడుగు పొర మొదటి నిమిషం నుంచే పనిలో ఉంటుంది, పైవాటి తీరునే మార్చేస్తుంది. 1925లో పారిస్‌లో సెంట్ల తయారీదారు జాక్ గెర్లాన్ తెచ్చిన షాలిమార్ అనే సెంటులో పైన బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు, అడుగున వెనిలా ఉంటాయి. ఆ వెనిలా వల్లే బెర్గమోట్ పులుపు మెత్తబడి, మీగడలా తోస్తుంది. పునుగు పిల్లి నుంచి వచ్చే పునుగు సంగతీ అంతే. నేరుగా చూస్తే ముక్కు మూసుకోవాలనిపించే ఘాటు, లవలేశం కలిస్తే పూల వాసనకు వెచ్చదనం.

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో తయారయ్యే అత్తరులో ఈ సంగతి కళ్లారా చూడవచ్చు. డేగ్ అనే రాగి పాత్రలో గులాబీలు, నీళ్లు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా, నీటి తొట్టిలో ఉంచిన భప్కా అనే మరో పాత్రలోకి దిగుతుంది. అందులో గంధపు నూనె ముందే పోసి ఉంటుంది. అంటే అడుగు పొర సిద్ధమయ్యాకే పువ్వు వచ్చి చేరుతుంది! ఆల్కహాల్ లేదు కాబట్టి గుప్పుమనదు, ఒంటి వేడికి మెల్లగా విచ్చుకుంటుంది. గంధం ధర ఆకాశాన్నంటడంతో ఇప్పుడు చాలాచోట్ల వాసన లేని పారాఫిన్ నూనె పోస్తున్నారు. పువ్వు అదే, పరిమళంలో లోతు ఉండదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

అందుకే చార్మినార్ దగ్గర అత్తరు కొన్నా, మాల్‌లో సెంటు కొన్నా, ముందు మణికట్టుకు రాయించుకుని ఇంటికి వెళ్లండి. భోజనాలయ్యాక ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి వాసన చూడండి. అప్పటికీ నచ్చితే మర్నాడు వెళ్లి కొనుక్కోండి.